పొగమంచుదా నేరము? డొనోరా నివేదికపై ఒక విమర్శ

కొండగాలి ఆరోగ్యమునకు మంచిదని పెద్దలు చెప్పుదురు. జబ్బుపడి లేచినవారిని హార్సిలీ కొండలకో, ఉదకమండలమునకో పంపుట పాత అలవాటు. ఈ నమ్మకములో సగమే సత్యము కలదు. కొండమీది గాలి వేరు, కొండల నడుమ లోయలోని గాలి వేరు. కొండమీద గాలికి అడ్డులేదు. లోయలో గాలికి ప్రక్కల గోడలు కలవు. కొన్ని ఋతువులలో పైన మూతయు పడును. మూత పడిన దినములలో ఆ లోయలో పొగగొట్టములుండిన నేమి జరుగునో, 1948 అక్టోబరు నెలలో అమెరికాలోని డొనోరా అను చిన్న పట్టణము లోకమునకు చూపినది. ఆ ఉపద్రవముపై అమెరికా ప్రజారోగ్య శాఖ 1949లో ఒక నివేదికను ప్రకటించినది. వాయు కాలుష్యమునకును ప్రజల ఆరోగ్యమునకును గల సంబంధమును విచారించిన తొలి గ్రంథములలో అది యొకటి. వాయు కాలుష్య చరిత్ర చెప్పువారు నేటికిని దానిని పేర్కొనుచుందురు. కావున అది ఏమి సాధించినదో, ఎక్కడ దారి తప్పినదో విచారించుట ఉపయుక్తము.

పట్టణము, దాని పొగ

డొనోరా పెన్సిల్వేనియా రాష్ట్రమున, పిట్స్‌బర్గ్ నగరమునకు దక్షిణముగా నలుబది కిలోమీటర్లలోపు దూరమున, మొనాంగహీలా నది ఒడ్డున నున్నది. అక్కడ నది గుఱ్ఱపు నాడా వలె వంగి పారును. ఇరువైపుల కొండలు సుమారు 120 మీటర్ల యెత్తున లేచియున్నవి. 1948లో జనసంఖ్య దాదాపు 14,000. నది పొడవున ఉక్కు, తీగెలు తయారుచేయు కర్మాగారమును, 1915లో నెలకొల్పిన యశదపు (జింకు) కర్మాగారమును ఉండెను. రెండును ఒకే కంపెనీవి. పట్టణములో అనేక కుటుంబములకు వానివలననే జీవనము.

యశదపు ఖనిజములో గంధకము కలిసియుండును. ఖనిజమును కాల్చునపుడు ఆ గంధకము సల్ఫర్ డయాక్సైడు అను ఘాటైన వాయువుగా మారును. దానితోపాటు లోహముల సూక్ష్మధూళి, బొగ్గుపొగ, కార్బన్ మోనాక్సైడు బయటికి వచ్చును. పొగగొట్టముల యెత్తు కొండల యెత్తునకు చాలలేదు. అందుచే గాలి ఆడని దినమున పొగ లోయలోనే నిలిచెడిది. నది యావలి గట్టున నున్న వెబ్‌స్టర్ గ్రామము చుట్టును కొండవాలులు పచ్చదనము కోల్పోయి బోడిగానుండెను. పైరులకు, ఆస్తులకు కలిగిన నష్టమునకై ఆ ప్రాంతపు వారు 1920ల నుండియే వ్యాజ్యములు వేసియుండిరి. అనగా పొగ డొనోరాకు క్రొత్త గాదు.

ఐదు దినములు

1948 అక్టోబరు 26వ తేదీ, మంగళవారమునాడు లోయలో మంచు కమ్మెను. ఆ ఋతువులో మంచు మామూలే; ప్రొద్దెక్కిన పిమ్మట విడిపోవును. ఈసారి విడిపోలేదు. మరునాడును, ఆ మరునాడును అట్లే యుండెను. శుక్రవారము సాయంకాలము హాలోవీన్ పండుగ ఊరేగింపు జరిగినది. చూడవచ్చినవారికి ఊరేగింపు నీడలవలె కనిపించెను. శనివారము పాఠశాలల నడుమ ఫుట్‌బాల్ పోటీ జరిగినది. ఆటగాండ్రకు బంతి కనిపించలేదు. ఊరు ఊరంతయు ఇది మామూలు మంచే యనుకొనెను. ఆ శనివారమే మరణములలో ఎక్కువ భాగము సంభవించినవి. వైద్యులు ఇంటినుండి ఇంటికి తడుముకొనుచు నడచిరి. ఆదివారము, 31వ తేదీ ఉదయమున యశదపు కొలుములను ఆపివేసిరి. ఆనాడే వాన కురిసి లోయ తేటపడెను.

డొనోరా, వెబ్‌స్టర్‌లలో కలిపి 20 మంది మరణించిరి. అందరును ఏబదేండ్లు దాటినవారే. వారిలో చాలమందికి గుండెజబ్బో, ఉబ్బసమో ముందే యుండెను.

ఋతువు చేసిన పని

మూత ఎట్లు పడినదో ముందుగా గ్రహింపవలెను. సాధారణముగా పైకి పోయిన కొలది గాలి చల్లబడును. సగటున కిలోమీటరునకు 6.5 డిగ్రీల సెంటీగ్రేడు తగ్గును. నేల వద్ద వేడెక్కిన గాలి తేలికయై పైకి లేచి పొగను గూడ కొనిపోవును. శరత్కాలపు దీర్ఘరాత్రులలో ఆకాశము నిర్మలముగా నున్నపుడు నేల తన వేడిని త్వరగా కోల్పోవును. నేలనంటిన గాలి చల్లబడి బరువెక్కును. కొండవాలుల మీది చల్లగాలియు జారి లోయ అడుగున చేరును. అప్పుడు క్రింద చల్లనిగాలి, పైన వెచ్చనిగాలి యుండును. ఇదియే ఉష్ణోగ్రతా విలోమము. క్రింది గాలి పైగాలికన్న బరువైనది గావున పైకి లేవజాలదు. పొగ కొంత దూరము లేచి, వెచ్చని పొర క్రింద పరచుకొనును.

ఇట్టి విలోమము వేసవి రాత్రులలోను ఏర్పడవచ్చును. ఉదయపు టెండకు నేల వేడెక్కగానే చెదరిపోవును. శరత్తులో ఎండ బలహీనము. పైగా ఆ వారమున ఆ ప్రాంతముపై అధిక పీడనము కదలక నిలిచియుండుటచే గాలి దాదాపు స్తంభించెను. నదినుండి లేచిన ఆవిరి మంచుగా మారెను. మంచుపొర పైభాగము అద్దమువలె ఎండను త్రిప్పికొట్టుటచే నేల వేడెక్కలేదు. నేల వేడెక్కనందున విలోమము చెదరలేదు. విలోమము చెదరనందున మంచు పోలేదు. ఈ చక్రము ఐదు దినములు నడచినది.

నివేదిక సాధించినది

హెచ్. హెచ్. ష్రెంక్, ఆయన సహచరులు వ్రాసిన నివేదికలో మెచ్చదగినది చాల కలదు. వారు ఇంటింటికి మనుష్యులను పంపి ఎవరెవరికి ఏయే బాధ కలిగినదో విచారించిరి. ఆ లెక్కప్రకారము 5,910 మంది, అనగా జనములో నూటికి 42.7 వంతు, అస్వస్థులైరి. మొత్తము జనములో నూటికి పది మందికి బాధ తీవ్రముగా నుండెను. అరువది ఐదేండ్లు దాటినవారిలో నూటికి అరువది మంది బాధపడిరి. వయసుతోపాటు బాధయు పెరిగినదను ఈ ఫలితము అమూల్యమైనది. ఇరువది మరణములు మాత్రమే లెక్కించియుండిన, ఇది కొందరు ముసలివారి దురదృష్టముగా మిగిలిపోయెడిది. దాదాపు ఆరువేల మంది అస్వస్థతను లెక్కించుటచే ఇది ఒక ఊరి జబ్బుగా తేలినది. రోగుల వివరములు, వాయువుల కొలతలు, వాతావరణ పరిశీలన, ఈ మూడింటిని ఒక్కచోట చేర్చుట ఆనాటికి క్రొత్త పద్ధతి.

వారి ముఖ్య నిర్ణయము ఇది: ఏ ఒక్క పదార్థమును ఈ ఉపద్రవమునకు కారణమని చెప్పుటకు వీలులేదు, రెండు లేక అంతకు మించిన పదార్థములు కలిసి పనిచేసియుండవచ్చును, సల్ఫర్ డయాక్సైడును, దానినుండి పుట్టిన పదార్థములును, ధూళియు ఇందులో ముఖ్యములు. పొగలోని వాయువులను, ధూళిని తగ్గింపవలెననియు, అననుకూల వాతావరణమును ముందుగా తెలుపు ఏర్పాటు చేయవలెననియు సిఫార్సు చేసిరి. నివేదిక పొగను విడిచిపెట్టినదనుట అన్యాయము. అయినను మూడు విషయములలో దానిని ఆక్షేపింపవలసియున్నది.

మొదటి ఆక్షేపణ: "అసాధారణ" మను మాట

నివేదిక పేరులోనే 1948 అక్టోబరు నాటి "అసాధారణ" పొగమంచు ఘటన అని యున్నది. ఐదు దినముల విలోమము అసాధారణమే కావచ్చును. కాని శరత్కాలపు విలోమము ఆ లోయకు అసాధారణము కాదు, పొగ అంతకన్న కాదు. పాత మరణ లెక్కలు తిరుగవేసినపుడు 1945 ఏప్రిల్‌లో గూడ మరణములు పెరిగిన జాడ ఈ నివేదిక కర్తలకే కనిపించినది. తమ సాక్ష్యమే తమ మాటను కాదనుచుండగా వారు పేరు మార్చలేదు.

ఇది మాటల తగవు కాదు. ఘటన అసాధారణమనిన విచారణ ఐదు దినములకు పరిమితమగును. ప్రతి సంవత్సరము కొలదికొలదిగా పీల్చిన పొగ సంగతి విచారణకు రాదు. పిమ్మట సియోకో, థాంప్సన్ అనువారు ఆ ఊరివారిని మరల పరిశీలించి 1961లో తమ ఫలితములు ప్రకటించిరి. 1948లో అస్వస్థులైనవారిలో తరువాతి సంవత్సరములలో జబ్బులును మరణములును, అస్వస్థులు కానివారికన్న, ఎక్కువగా నుండెను. అనగా 31వ తేదీ వానతో మంచు ముగిసినది గాని దాని ఫలితము ముగియలేదు. నివేదికకు ప్రాథమిక నివేదిక యని పేరు. ఆ ప్రాథమికమే కడపటిదైనది.

రెండవ ఆక్షేపణ: తప్పు ప్రశ్న

ఏ పదార్థము చంపినది? ఈ ప్రశ్నతో విచారణ ఆరంభమైనది. కొందరు ఫ్లోరిన్ సమ్మేళనములే కారణమని వాదించిరి; రసాయనజ్ఞుడు ఫిలిప్ శాడ్లర్ వారిలో ప్రముఖుడు. నివేదిక ఆ వాదమును అంగీకరింపలేదు. ఒక్కొక్క పదార్థమును విడివిడిగా తూచి, ఇది చాలదు, అది చాలదు అని పక్కన పెట్టుచు పోయినది.

ఇందులో రెండు లోపములు గలవు. మొదటిది, మంచు కమ్మిన ఐదు దినములలో గాలిని ఎవరును ఆ దృష్టితో కొలువలేదు. కొలతలన్నియు తరువాత తీసికొన్నవి; మూత తొలగిన పిమ్మట కుండలో మిగిలిన ఆవిరిని కొలిచినట్లు. రెండవది, ఆనాడు తెలిసిన హానికర పరిమితులు చాలవరకు కర్మాగారములలో పనిచేయువారికై ఏర్పడినవి. ఆ పరిమితి ఆరోగ్యవంతుడైన వయోజనుడు దినమునకు ఎనిమిది గంటలు పీల్చుటకు. డొనోరాలో చనిపోయినవారు గుండెజబ్బు గల వృద్ధులు. వారు రేయింబవళ్ళు, ఐదు దినములు, విరామము లేక పీల్చిరి. పనివాని పరిమితితో ముసలివాని ఊపిరిని కొలుచుట తగదు.

అయితే పదార్థములు కలిసి పనిచేసినవను ఊహలో నివేదిక సరియైన దారిలోనే యున్నది. మేరీ ఆమ్‌డర్ అను శాస్త్రజ్ఞురాలు తరువాత గినీపందులపై చేసిన ప్రయోగములు ఈ సంగతిని తేటపరచినవి. సల్ఫర్ డయాక్సైడు నీటిలో సులభముగా కరగును గావున ఒంటరిగా పీల్చినచో చాలవరకు ముక్కు, గొంతుల తడిలోనే నిలిచిపోవును. సన్నని రేణువులతో కలిసినచో దాని ప్రభావము హెచ్చును. యశదము, అమ్మోనియము, సల్ఫేటు కలిసిన రేణువులు తీవ్రముగా బాధించుననియు, రేణువు సన్నమగుకొలది బాధ పెరుగుననియు ఆమెయు మోర్టన్ కార్న్‌యు 1963లో చూపిరి. "ఏ పదార్థము" అనుటకు బదులు "ఏయే పదార్థములు కలిసి, ఎంతసేపు, ఎవరి ఊపిరిలో" అని ప్రశ్నించియుండిన 1949లోనే విచారణ లోతుగా సాగియుండెడిది.

మూడవ ఆక్షేపణ: వాతావరణమునకు ఇచ్చిన పీఠము

ఇది అన్నిటికన్న ముఖ్యమైనది. నివేదికలో వాతావరణ వివరణ నిర్దోషమైనది. దోషము దానికి ఇచ్చిన స్థానములో నున్నది. ఏ పదార్థమును దోషియని తేల్చక, వాతావరణము అసాధారణమని గట్టిగా చెప్పుటచే, చదువరి మనస్సులో దోషిగా మిగులునది మంచే.

ఉన్నత పాఠశాలలోని గుణకారము ఈ చిక్కును విడదీయును. లోయను ఒక పెట్టె యనుకొందము. ఉదాహరణకు, మంచి దినమున పొగ 1,200 మీటర్ల యెత్తువరకు కలియుననుకొన్న, విలోమపు మూత 120 మీటర్ల వద్ద పడినచో అదే పొగ పదవ వంతు గాలిలో ఇమడవలెను. చిక్కదనము పదిరెట్లగును. గాలి వేగము సగమైన మరల రెండు రెట్లు. మొత్తము ఇరువది రెట్లు. ఇక్కడ ఇరువది అనునది గుణకము. దానిని నిర్ణయించునది ఋతువు, కొండ. గుణ్యము పొగ, దానిని నిర్ణయించునది కర్మాగారము. గుణ్యము నూరైన లబ్ధము రెండువేలు. గుణ్యము పదియైన లబ్ధము రెండువందలు. గుణ్యము సున్నయైన, గుణకము ఎంతైనను లబ్ధము సున్నయే. అమెరికాలో లోయలు వేలకొలది యుండును. ఆ వారమున ఆ ప్రాంతములోని ఇతర లోయలలోను మంచు కమ్మియుండును. పొగ లేని లోయలో మంచు మంచుగానే యుండి పోయినది.

ఈ భేదము న్యాయస్థానము వరకు పోయినది. మరణించినవారి బంధువులు, బాధితులు నష్టపరిహారమునకై వ్యాజ్యములు వేయగా, ఇది దైవికమైన విపత్తని కంపెనీ వాదించినది. 1951లో రాజీ కుదిరినది. కంపెనీ తప్పు ఒప్పుకొనక, అందరికిని కలిపి రెండున్నర లక్షల డాలర్లకు దగ్గరగా చెల్లించినది. గుణకమును దోషిగా నిలిపిన ఫలితమిది. యశదపు కర్మాగారము 1957లో మూతపడినది.

వాతావరణ హెచ్చరిక కావలెనను సిఫార్సు మంచిదే. విలోమము రానున్నదని తెలిసిన ఆ దినములలో కొలుములను తగ్గింపవచ్చును. కాని హెచ్చరికయే మందు అనుకొన్నచో, తక్కిన మూడువందల దినముల పొగకు అనుమతి ఇచ్చినట్లగును.

వినని పాఠము

డొనోరాకు పదునెనిమిదేండ్ల ముందే ఈ పాఠము వినబడియుండెను. 1930 డిసెంబరు మొదటి వారమున బెల్జియములోని మ్యూజ్ నది లోయలో ఇట్లే మంచు కమ్మి, అరువది మందికి పైగా మరణించిరి. అక్కడను కొండలు, కర్మాగారములు, చలికాలపు విలోమము. విచారణలో పాల్గొన్న ఫిర్కె అను వైద్యశాస్త్రజ్ఞుడు, ఇట్టిది లండనులో జరిగిన 3,200 మంది వరకు చనిపోవచ్చునని లెక్క వేసెను. 1952 డిసెంబరులో లండను నగరమును పొగమంచు కప్పినపుడు దాదాపు 4,000 మంది చనిపోయిరని ఆనాటి లెక్క. అసాధారణమని పేరుపెట్టి ప్రక్కనుంచిన సంగతి మరల మరల వచ్చుచుండుట గమనింపదగినది.

డొనోరా వ్యర్థము కాలేదు. 1950లో అమెరికా ప్రభుత్వము వాయు కాలుష్యముపై తొలి జాతీయ సమావేశము జరిపినది. 1955లో పరిశోధనకై ఒక చట్టము, 1963లో పరిశుద్ధ వాయు చట్టము వచ్చినవి. 1970లో అది బలపడినది. ఈ చట్టములు పట్టుకొన్నది గుణ్యమును. ఋతువును శాసించు చట్టము ఎవరును చేయజాలరు గదా!

ఇతర లోయలు

గుణకము, గుణ్యము అను ఈ విభాగము నేటి పట్టణములకును వర్తించును. అయితే ప్రతిచోట ఒకే తీరున కాదు. డొనోరాలో కొలుములు సంవత్సరము పొడవున మండెడివి. ఋతువుతో మారినది గుణకము మాత్రమే. నేపాళ రాజధాని కాఠ్మండు లోయలో రెండును మారును. సముద్రమట్టమునకు సుమారు 1,300 మీటర్ల యెత్తున నున్న ఆ లోయ చుట్టును ఎత్తైన కొండలు గలవు. చలికాలపు ఉదయములలో విలోమము నిలిచి, మధ్యాహ్నము కనుమలగుండ పడమటి గాలి వచ్చిన పిమ్మటనే పొగ కదలును. ఇటుక బట్టీలు మండునదియు ఆ వాన లేని కాలముననే. వసంతములో అడవుల కార్చిచ్చు పొగయు తోడగును. 2021 మార్చి నెలాఖరున గాలి దుర్భరమై దేశములోని విద్యాలయములను నాలుగు దినములు మూసివేసిరి. జూనులో వానలు రాగానే గాలి తేటపడును. సంవత్సరపు సగటు ఒక్కటే చూచువానికి ఈ హెచ్చుతగ్గులు కనబడవు.

తెలుగు దేశమున విశాఖపట్నము సముద్రపు టొడ్డున నున్నను ఉత్తరమున కైలాసగిరి, దక్షిణమున యారాడ కొండల నడుమ గిన్నెవలె నున్నది. ఆ గిన్నెలోనే ఓడరేవు, కర్మాగారములు వెలసినవి. అక్కడి విద్యార్థులు చలికాలపు ఉదయమున కొండపైనుండి పట్టణముపై పరచుకొన్న బూడిదరంగు పొరను చూచినచో, విలోమమును నిర్వచనము లేకయే నేర్చుకొందురు.

ఉపాధ్యాయులకు

విలోమమును బోధించునపుడు డొనోరా మంచి ఉదాహరణము. కాని "విలోమము వలన 20 మంది మరణించిరి" అని విద్యార్థి వ్రాసిన, ఆ జవాబునకు సగము మార్కులే ఇయ్యవలెను. చల్లబడిన గాలి పైకి లేవకపోవుట ప్రకృతి. కొండల కన్న పొట్టి గొట్టములనుండి ముప్పదేండ్లకు పైగా పొగ విడుచుట మనుష్యుల నిర్ణయము. పరీక్షలో మొదటిది భౌతికశాస్త్ర ప్రశ్నగా వచ్చును. రెండవది ఏ ప్రశ్నపత్రములోను రాదు. నివేదిక చేసిన పొరపాటు ఇదే. మొదటి ప్రశ్నకు అది చక్కని జవాబు వ్రాసి, రెండవ దానిని చదువరికి విడిచినది.

డొనోరాలో 2008లో ఈ ఉపద్రవ స్మారకముగా ఒక చిన్న ప్రదర్శనశాల తెరచిరి. పరిశుద్ధ వాయువు ఇక్కడనే ఆరంభమైనదను మాట దాని మీద వ్రాసియున్నది. కొలుములు లేని ఆ లోయలో నేటికిని శరత్తు వచ్చుచున్నది, విలోమమును ఏర్పడుచున్నది, మంచును కమ్ముచున్నది. ప్రొద్దెక్కగా అది విడిపోవుచున్నది.